రెండు వేళ్ళ వంకర

తలనిండా ఒత్తైన జుట్టున్న మనిషిని అందరూ గుండు మేస్త్రీ అని పిలుస్తుంటే, పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. దారం చివర వేలాడే ఇనప గుండు వల్ల వచ్చిన పేరది. గోడ పైనుంచి దారం వదిలితే, దారానికీ గోడకీ మధ్య పైన ఎంత సందుంటే కిందా అంతే ఉండాలి. లేదంటే గోడ వంకర. మిగతా మేస్త్రీలు నాలుగు వరసలకోసారి గుండు వేసి చూసుకునేవాళ్ళు. ఇతను కంటితోనే కట్టుకుపోయి, చివర్లో లోకం కోసం ఒక్కసారి గుండు వదిలేవాడు. పదిహేనేళ్ళలో వెంట్రుకవాసి తేడా రాలేదు.

ఆ పదిహేనేళ్ళూ అతనికి మాలు అందించింది భార్యే. సిమెంటూ ఇసకా కలిపేది ఆమె, తట్టకెత్తి పరంజా మీదికి మోసేది ఆమె. "మా ఆయన నడకైనా వంకరపోతుందేమో గానీ గోడ పోదు" అని నలుగురిలో మురిసిపోయేది.

ఒక రోజు పరంజా మీద చెక్క పక్కకి జరిగింది. పెద్ద ఎత్తేం కాదు, ఒక నిలువు. హెల్మెట్ ఉంది గానీ పట్టీ బిగించుకోలేదు. మనిషికన్నా ముందు అది ఎగిరిపోయింది. తల వెళ్ళి మాలు తొట్టి అంచుకు తగిలింది. రక్తపు చుక్క కూడా రాలేదు.

"ఏం బావా, భూమి గట్టిగా ఉందో లేదో చూస్తున్నావా?" అన్నాడు పక్క గోడ కడుతున్న రెండో మేస్త్రీ. వాళ్ళది వరసకే బంధుత్వం, వేళాకోళానికి మాత్రం సొంత బావమరుదులే.

"ఉందిరా. నీ బుర్రకన్నా కాస్త మెత్తగానే ఉంది" అంటూ ఇతను దుమ్ము దులుపుకుని లేచాడు.

సూపర్‌వైజర్ పుస్తకం తెచ్చి, 'పడ్డాడు, దెబ్బలేమీ లేవు' అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. భార్య మాత్రం ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఇప్పటికి బాగానే ఉన్నాడు" అంది డాక్టరమ్మ, కళ్ళలోకి లైటు వేసి చూసి. "కానీ తల దెబ్బ అప్పటికప్పుడే బయటపడాలని లేదు. నెలా రెండు నెలలు కనిపెట్టుకుని ఉండు. తలనొప్పి ఎక్కువైనా, వాంతులైనా, మగతగా ఉన్నా, మనిషిలో ఏ తేడా కనపడినా, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపో."

చదువు రాని మనిషి కాబట్టి ఆమె వేళ్ళు మడుచుకుంది. తలనొప్పికి ఒకటి, వాంతులకి ఒకటి, మగతకి ఒకటి. నాలుగో మాటకి వేలు మడవలేదు.

రోజూ పొద్దున్నే వేళ్ళు మడుస్తూ అడిగేది. "తలనొప్పి?" "లేదు." "వాంతులు?" "లేవు." "మగత?" "నువ్వు పడుకోనిస్తే కదా! హాజరు అయిపోయిందా టీచరమ్మా, పనికి పోదామా?"

నిజానికి నొప్పి సన్నగా ఉండేది. చెబితే పని మాన్పిస్తుందని అతను చెప్పలేదు.

మూడు వారాలకి వచ్చింది తేడా. తట్ట దించి తలెత్తిన ఆమెకి గోడ ఒరిగినట్టు అనిపించింది. అతను టీకి కిందికి దిగగానే దారం తీసి గుండు వదిలింది. పైన ఒక వేలు పట్టే సందు, కింద మూడు వేళ్ళు. రెండు వేళ్ళ వంకర.

ఆమె ముందు గోడని నమ్మలేదు, తర్వాత గుండుని నమ్మలేదు. చివరికి నమ్మక తప్పలేదు. వెంటనే ఆసుపత్రి గుర్తుకు రాలేదు ఆమెకి, రెండో మేస్త్రీ నవ్వు గుర్తొచ్చింది. 'బావ ముసలాడైపోయాడు, ఇక గుండు మేస్త్రీ కాదు, గుండ్రం మేస్త్రీ' అంటాడు. ఆ మాట వింటే ఈయన బతకడు. చత్వారం వచ్చినట్టుంది, పని అయ్యాక కళ్ళజోడు పెట్టిద్దాం అనుకుంది. చకచకా పై మూడు వరసలు ఊడదీసి, మాలు పచ్చిగా ఉండగానే మళ్ళీ పేర్చేసింది. పదిహేనేళ్ళు చూసిన పని. చేతులకి వచ్చేసింది.

ఆ తర్వాత రోజూ అదే. అతను వంకరగా కట్టడం, ఆమె చాటుగా సరిచెయ్యడం. ఆరిపోయిన చోట ఊడదీయలేక, మీద మాలు మందంగా మెత్తి చెక్కతో చదును చేసేది. గోడ వంకరపోతే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పలేదు కదా.

ఎడమ చేతిలోంచి ఇటుకలు జారడం మొదలైంది. ఒకసారి ఎడమ కాలి చెప్పు దారిలోనే ఊడిపోతే, ఉత్త కాలితో ఇంటిదాకా నడిచొచ్చాడు.

"చెప్పు ఏదయ్యా?" అందామె.

అతను తన పాదం వంక ఎవరిదో అన్నట్టు చూశాడు.

లోపలికి వస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకున్నాడు. "ఆ గుమ్మం నిన్న కూడా అక్కడే ఉందయ్యా" అందామె. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆమె ఆ నవ్వుని తల్చుకుని ఏడ్చినంతగా మరి దేనికీ ఏడవలేదు.

అయిదో వారంలో ఒక మధ్యాహ్నం అతను తనంతట తానే గుండు వదిలి, దాని ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

"ఏమే, ఇది నిటారుగా ఉందా?"

పదిహేనేళ్ళలో ఆ మాట అతను ఎవరినీ అడగలేదు. గోడ గుడ్డివాడికైనా తెలిసేంత ఒరిగి ఉంది. ఆమె అతని మొహం చూసింది. పలక పగలగొట్టుకున్న పిల్లాడి మొహంలా ఉంది.

"ఉందయ్యా" అంది.

"నాకు గుండే పక్కకి లాగినట్టు కనపడుతోంది."

"గాలికి ఊగుతోందిలే."

ఆకు కదలడం లేదు.

మర్నాడు పొద్దున వేళ్ళు మడిచి అడిగితే జవాబు రాలేదు. మూతి ఒక పక్కకి జారి ఉంది. దిండు మీద వాంతి. మూడు వేళ్ళూ ఒక్కసారే మడుచుకుపోయాయి.

పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగాడు. "తేడా ఎప్పట్నుంచి?"

"రెండు వారాల నుంచి... గోడలు వంకరొస్తున్నాయి సార్."

ఆయన రాయడం ఆపి తలెత్తాడు. నవ్వలేదు. మళ్ళీ రాసుకున్నాడు.

ఆపరేషనుకి ముందు ఒకతను మిషనుతో తల గొరగడానికి వచ్చాడు. ఒత్తైన జుట్టు కుచ్చులు కుచ్చులుగా దుప్పటి మీద పడింది. "ఈయన్ని ఏమని పిలుస్తారమ్మా? పేరు పెట్టి పిలుస్తుంటే పలుకుతారు ఒక్కోసారి" అన్నాడతను.

"గుండు మేస్త్రీ అంటారు" అంది అలవాటుగా.

అతను మిషను ఆపి ఆమెని చూశాడు. ఇలాంటప్పుడు హాస్యమేంటి అనుకున్నాడేమో. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చాడు. "లోపల రక్తం చుక్కచుక్కగా చేరి మెదడుని నొక్కేసింది. తీసేశాం. ప్రాణానికి భయం లేదు. ఎడమ పక్క మాత్రం ఎంత తిరిగొస్తుందో చెప్పలేం."

"గోడ వంకరొచ్చిన మొదటి రోజే తెచ్చి ఉంటే సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తప్పించుకునే మనిషి కాదు. "నడిచి ఇంటికి వెళ్ళేవాడేమో అమ్మా."

పడిపోయిన చెయ్యీ కాలూ ఆడేలా వ్యాయామం నేర్పేచోట చేర్చుకోవాలంటే, ఇది పనిలో తగిలిన దెబ్బేనని సైటు వాళ్ళ కాగితం కావాలన్నారు. ఆమె వెళ్ళి అడిగింది.

"పడి ఎన్నాళ్ళయిందమ్మా! ఆ తర్వాత కట్టిన గోడలు చూడు, అద్దంలా ఉన్నాయి. తల దెబ్బ తిన్నవాడు ఇలా కడతాడా?" అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె సుత్తి అందుకుంది. తను మెత్తిన మాలు తనే పెచ్చులు పెచ్చులుగా రాల్చింది. లోపలి ఇటుకలు బయటపడ్డాక పైనుంచి గుండు వదిలింది. పనివాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. పదిహేనేళ్ళ పేరు ఆ దారానికి వేలాడుతోంది. "ఆయన కట్టింది ఇదీ సార్. మీరు మెచ్చుకుంటున్నది నేను కట్టింది."

రెండో మేస్త్రీ దగ్గరికొచ్చాడు. "నాకొక్క మాట చెప్పకూడదా చెల్లెమ్మా?"

"నవ్వుతావనుకున్నానన్నా."

అతను నవ్వేవాడే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సూపర్‌వైజర్ కాగితం రాసిచ్చాడు.

వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పింది, ఒరిగిపోతున్నట్టు ఆయనకే తెలియదని, కంటి ముందు నిటారుగా ఏదైనా ఉంటే మంచిదని. ఇంటికొచ్చాక ఆమె గుమ్మం పైనుంచి గుండు వేలాడదీసి, దానికెదురుగా మంచం మీద అతన్ని కూర్చోబెట్టింది. నున్నటి తల మీద కుట్ల గీత. కూర్చున్న మనిషి మెల్లగా ఎడమకి ఒరిగిపోయాడు.

దారం వంక చూసి చూసి, ముద్దముద్దగా అడిగాడు. "ఏమే... నిటారుగా ఉన్నానా?"

'ఉన్నావయ్యా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"లేదయ్యా. వంకరగా ఉన్నావు."

"ఎంత?"

వేళ్ళు చాలలేదు. చెయ్యి చాపి కొలిచింది. "జానెడు."

అతను పళ్ళు బిగించి కుడికి లేచాడు. రెండు వేళ్ళంత వచ్చాడేమో, మళ్ళీ ఒరిగిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆమె ఎడమ పక్కకొచ్చి కూర్చుని, మాలు తట్టలు మోసిన భుజాన్ని అతని చంక కింద ఆనించింది.

"మళ్ళీ చూడు" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని దారం వంక చూసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.