ఒక చొక్కా తక్కువ

ఖాదర్ మొహిద్దీన్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇందుకూరుపేటలోని తన కుట్టుకొట్టు గుమ్మంలోకి వెళ్తాడు, సముద్రం వైపు రోడ్డు చూస్తాడు, లోపలికొచ్చి కత్తెర పట్టుకుంటాడు, మళ్ళీ పక్కన పెడతాడు. కాజాలు కుడుతున్న భార్య జైతూన్‌బీకి ఒళ్ళు మండింది.

“ఎల్లుండే తిరునాళ్ళు. ఆ తిరిగేదేందో కూర్చుని మిషను తొక్కితే ఈపాటికి అయిపోయుండేది గదా!”

ఆమెకేం తెలుసు పాపం! సముద్రపొడ్డున జాలర్లుండే పల్లెపాళెం మగవాళ్ళంతా గంగమ్మ తిరునాళ్ళకు ఒకే తాను గుడ్డతో చొక్కాలు వేసుకుంటారు. ఒక్కడి ఒంటి మీద వేరే గుడ్డ కనిపించినా అపశకునమంటారు. అందరి కొలతలూ తీసుకుని, లెక్క కట్టి, నెల్లూరు నుంచి నీలం గుడ్డ తెచ్చింది ఖాదరే. తడిపినా కుదించుకుపోని టెరిలీన్ గుడ్డ పేరు అప్పుడప్పుడే వినిపిస్తున్న రోజులు. ఈ కొత్త మిల్లుగుడ్డ కూడా తడిపితే కుదించుకుపోదని దుకాణదారు ఒట్టేశాడు. ఆ మాట నమ్మి, ఎప్పుడూ తెచ్చే అదనపు గుడ్డ ఈసారి తేలేదు మహానుభావుడు. తీరా తడిపి ఆరేస్తే గుడ్డ కుదించుకుపోయింది. పరుగున నెల్లూరు వెళ్తే ఆ రంగు అయిపోయిందన్నారు.

ఎక్కడైనా కలిసొస్తుందేమోనని ఒక్కొక్క చొక్కానూ సర్ది సర్ది కత్తిరించాడు. చివరికి ఇద్దరికి కావలసినచోట ఒక్కరికే గుడ్డ మిగిలింది. ఆ ఇద్దరిలో ఒకరు పల్లె పెద్ద చెంగయ్య, రెండోవాడు మాల్యాద్రి.

అంతలో గాలివాన కొట్టింది. వేటకు ఒంటరిగా వెళ్ళిన మాల్యాద్రి తెప్ప తప్ప అన్నీ ఒడ్డుకు చేరాయి. ఆ కబురు వినగానే ఖాదర్ మనసుకు తోచిన మొదటి మాట, ‘అయితే గుడ్డ సరిపోతుంది’ అని. మరుక్షణం తన మీద తనకే అసహ్యం పుట్టింది. అప్పటినుంచి తిండి సయించడం లేదు, కత్తెర ఆడడం లేదు.

మధ్యాహ్నం చెంగయ్య వచ్చాడు. బల్ల మీద మిగిలిన గుడ్డ చూసి గొంతు తగ్గించాడు.

“మాల్యాద్రిది ఆపెయ్ సాయిబూ. ఆశ లేదు. వానికి కుట్టి ఏం చేస్తాం?”

ఎంత తేలిక! ఊఁ అంటే చాలు, తప్పు ఎవరికీ తెలియదు. ఖాదర్ నోరు తెరిచాడు గాని ఆ ఊఁ రాలేదు.

“గుడ్డ తక్కువ తెచ్చినా అన్నా. తప్పు నాదే. వాడు సముద్రం మీదికి పోకముందే తక్కువ. ఇది ఒక్కరికే వస్తాది. ఇప్పుడు నీకు కత్తిరిస్తే, వాడు రాకూడదని నేను కోరుకున్నట్టే. నా చేత కాదు.”

చెంగయ్య మొహం ఎర్రబడింది. తిరునాళ్ళలో అందరికంటే ముందు నడిచేది ఆయనే.

“ఇప్పుడా చెప్పేది?” అని కసిరాడు. ఇంకా ఏదో అనబోయి, గుమ్మం వైపు చూసి ఆగిపోయాడు. మాల్యాద్రి భార్య చెంచమ్మ అక్కడ నిలబడి ఉంది. ఏం విన్నదో, ఎంత విన్నదో తెలియదు.

“మాయన చొక్కా కత్తిరించినావా అన్నా?” అని ఖాదర్‌ను అడిగింది.

చెంగయ్య తల వంచుకున్నాడు. తర్వాత గుడ్డ అంచును రెండు చేతులా పట్టుకుని బల్ల మీద బిగించాడు.

“కత్తిరించు సాయిబూ. కదలకుండా నేను పట్టుకుంటా.”

ఖాదర్ మాల్యాద్రి కొలత చూసి సుద్దతో గీత గీశాడు.

“కొంచెం వదులుగా పెట్టన్నా,” అంది చెంచమ్మ. “పోయిన తిరునాళ్ళ చొక్కా వల లాగేటప్పుడు చంకల్లో పట్టేస్తా ఉండాదని ఏడాదంతా సణిగినాడు.”

ఖాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గీతను అరచేత్తో చెరిపి, రెండు వేళ్ళ వెడల్పు బయటకు జరిపి మళ్ళీ గీశాడు.