ఉప్పు దింపిన గాలి

సముద్రం మధ్య దీవిలో, మాగోంగ్ రేవు పక్క సందులో, లుయి వాళ్లింట్లో, తెల్లారితే మొదటి టీ సముద్రపు తల్లి మాజూకి. ఆ తర్వాతే ఎవరికైనా. నాయనమ్మ మూడు బుల్లి గిన్నెల్లో టీ పోసి, అగరొత్తులు వెలిగించి, ఆ పూట వేటకి పోయిన పడవల పేర్లన్నీ తల్లికి ఒకసారి గుర్తుచేసి, అప్పుడు మెట్ల దగ్గరికి వస్తుంది. మెట్ల కింద పడుకున్న గాలిని కాలి బొటనవేలితో తట్టి, "లేవే, పొద్దెక్కింది" అంటుంది. గాలి లేచి ఒళ్లు విరుచుకుని, వంటింట్లో గంజి మీద నాలుగు ఊదులు ఊది, పెరట్లోకి పోతుంది.

ఆ గాలి తాతయ్యగారి వెంట వచ్చింది. ఆయన వేట మానుకుని, పడవ అమ్మేసి ఇంటికి నడిచొస్తుంటే, అన్నేళ్లు ఆయన పక్కనే తిరిగిన గాలి రేవులో ఒంటరిగా ఏం చేస్తుంది చెప్పండి? వెనకే వచ్చేసింది. ఆయన పోయాక కూడా ఉండిపోయింది. ఎవరింట్లో పిల్లి ఉండదు, ఎవరింట్లో కుక్క ఉండదు? వీళ్లింట్లో గాలి. తల్లి ఎవరికి ఏది తోడిస్తే అది.

చిక్కల్లా ఉప్పుతోనే. అది పుట్టుకతో సముద్రపుది కదా, తిరిగిన చోటల్లా ఉప్పు రాలుస్తుంది. తలుపు బందులు తుప్పు, సైకిలు గొలుసు తుప్పు. ఏసీ బయటి పెట్టె రెండు వేసవులు కూడా బతకలేదు. అందుకే మేడమీద మనవరాలు బీయున్ గదిలోకి మాత్రం దానికి ప్రవేశం లేదు. తలుపు కింద సందులో కూడా పాత తువ్వాలు కుక్కి ఉంచారు. ఎందుకంటే ఆ గదిలో కంప్యూటర్ ఉంది. కొన్నది కాదు, బీయున్ తన చేతులతో ఒక్కో భాగం తెచ్చి బిగించుకున్న మొదటి కంప్యూటర్.

బీయున్ బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మలు కదిలేలా కూడా చేస్తుంది. రాజధాని తైపేయిలో పిల్లల సినిమాలు తీసే ఒక కంపెనీ ఆమెకి పరీక్షగా చిన్న పని ఇచ్చింది: ఒక ముసలి పడవ ఒడ్డుకు చేరే దృశ్యం, ఈ సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. నచ్చితే ఇంటి నుంచే పని చేయనిస్తారేమోనని పిల్ల ఆశ. లేదంటే సోమవారం ఓడెక్కి అవతలి ఒడ్డున కావ్‌ష్యుంగ్‌లో పెదనాన్న కూతురు పనిచేసే ఫ్యాక్టరీకి పోవాలి. టికెట్టు కూడా కొనేశారు. ఇల్లు, రేవు, నాయనమ్మ, గాలి, అన్నీ వదిలి.

గీయడం అయిపోయింది. ఇక కంప్యూటరే ఒక్కో బొమ్మనీ కలిపి సినిమాగా వండి వార్చాలి. ఆ వంట మొదలెట్టిన కాసేపటికే పెట్టె టప్పున ఆరిపోతోంది. పొద్దుట్నుంచీ ఇదే వరస.

పక్కింటి త్సాయ్ బాబాయి పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వేళాకోళం లేనిదే ఆయనకి ముద్ద దిగదు. గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, నీ పెట్టె ఇవాళ ఎన్నిసార్లు మూర్ఛపోయింది?" అన్నాడు.

"మూడుసార్లే బాబాయ్. మీరొచ్చారుగా, నాలుగోది కూడా వస్తుంది."

"వేడెక్కుతోందా?"

"ప్రాసెసర్ ఊరికే కూర్చుంటే నలభై డిగ్రీల్లో ఉండాలి. కష్టపడితే డెబ్బై, మహా అయితే ఎనభై. ఇది తొంభై ఏడు చూపిస్తోంది. వంద దగ్గర తన ప్రాణం కాపాడుకోవడానికి అదే ఆరిపోతుంది."

"తెలివైనది. మీ పిన్ని నూరు దాటినా ఆగదు."

బీయున్ అన్నీ చూసింది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు శనగగింజంత వేసింది. దాని మీద కూర్చునే చల్లబరిచే దిమ్మకి అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర మర్చిపోకుండా పీకేసింది. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి లాగుతున్నాయి, వెనకదీ పైవీ బయటికి తోస్తున్నాయి. వేలు పెట్టి చూసింది, కాగితం ముక్క పెట్టి చూసింది. అన్నీ సవ్యంగానే తిరుగుతున్నాయి.

"మరి పై నుంచి వేడి రావట్లేదేం?" అని వంగి చూశాడు బాబాయి. చూసి, గొంతు తగ్గించాడు. "ఓహో."

పెట్టె నెత్తిన, వేడి బయటికి పోయే జాలీ మీద, ఆకుపచ్చ ప్యాకెట్టు బోర్లా పడుకుని ఉంది. కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న చిరుతిండి. ఈ దేశంలో ఏ యంత్రం కొన్నా దాని మీద ఆ ప్యాకెట్టు పెడతారు. బుద్ధిగా ఉండమని దానికి లంచమన్నమాట. ఆకుపచ్చదే పెట్టాలి, గడువు దాటకూడదు, పెట్టినదాన్ని కదపకూడదు. నాయనమ్మ మాజూ తల్లి పాదాల దగ్గర ఉంచి మరీ తెచ్చి, అందరికంటే పెద్ద ప్యాకెట్టు, సరిగ్గా జాలీ అంతా కప్పేలా పెట్టింది.

"నాయనమ్మా!" అని కేకేసింది బీయున్. "ప్యాకెట్టు కాస్త పక్కకి జరపొచ్చా?"

కింద నుంచి మెట్లెక్కుతున్న చప్పుడు వచ్చింది. "జరపడమా? నన్నడిగితే ఏం లాభం? తల్లినడుగు."

దేవుడి అలమర నుంచి, తల్లి మాట తెలుసుకోవడానికి వేసే నెలవంకల్లాంటి ఎర్ర చెక్కలు రెండూ వచ్చాయి. నాయనమ్మ కళ్లు మూసుకుని, పిల్ల పేరు, ఇంటి నంబరు, జరపవలసిన ప్యాకెట్టు సంగతి విన్నవించి నేల మీద వేసింది. రెండు చెక్కలూ చదును వైపు పైకి వచ్చేలా వెల్లకిలా పడ్డాయి.

"నవ్వుతోంది తల్లి" అంది నాయనమ్మ. "ఇంత చిన్నదానికి నన్ను లేపాలా అంటోంది."

మళ్లీ వేసింది. ఈసారి ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. సరేనంది తల్లి. ప్యాకెట్టు సగౌరవంగా బల్ల మీదికి దిగింది. తెర మీద అంకె తొంభై ఏడు నుంచి జారి ఎనభై తొమ్మిది దగ్గర నిలబడింది. పెట్టె ఇక ఆరలేదు కానీ, నడక నత్తనడక. ఆషాఢపు ఎండకి గదే పొయ్యిలా ఉంటే, లోపలికి పోయే గాలీ వేడిగాలే కదా. ఇలాగైతే వంట రాత్రికి గానీ అవదు.

బీయున్ కుర్చీలో జారగిలబడింది. "పోనీలే నాయనమ్మా. ఫ్యాక్టరీలో ఏసీ ఉంటుందిట."

నాయనమ్మ ఆ మాట విననట్టే తలుపు కింది తువ్వాలు వైపు చూసింది. దాని వెనక గాలి మెల్లగా గోకుతోంది.

"వద్దు నాయనమ్మా, ఉప్పు. ఒక్కరోజులో లోపలంతా తుప్పు పట్టిపోతుంది."

"ఉప్పు చేప తెస్తే ఏం చేస్తాం? నీళ్లలో వేసి ఉప్పు దింపి వండుకోమా? త్సాయ్, ఆ దుప్పట్లు తడిపి పెరట్లో ఆరెయ్యి. ఊరికే నిలబడకు."

ఇంజన్లు విప్పే ఆ చేతులే దుప్పట్లు పిండాయి. వరసగా తాడంతా తడి దుప్పట్లు, వాటి వెనక మెట్ల పొడుగునా పొడి తువ్వాళ్లు. నాయనమ్మ గాలిని పిలిచింది. అది మొదటి దుప్పటి దగ్గర ముఖం చిట్లించింది. చిన్నపిల్లలకి తలంటు పోసేటప్పుడు చూడండి, అలాగ. "పోవే తల్లీ, పిల్ల కోసం" అంది నాయనమ్మ. అంతే, దూరింది. ఒక్కో దుప్పటీ తెల్లగా, అప్పడంలా బిరుసెక్కింది. చివరి దుప్పటి మాత్రం మెత్తగానే ఉండిపోయింది, ఉప్పంతా దిగిందన్నమాట. అప్పుడు తువ్వాళ్లకి ఒళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కి, గుమ్మంలో ఆగింది. ఇన్నేళ్లలో మొదటిసారి కదా, దానికీ మొహమాటం.

"రా" అంది బీయున్.

ముందు ఫ్యాన్ల లోంచి లోపలికి పోయింది. ఎనభై. డెబ్బై ఒకటి. అరవై ఆరు.

"చాలు చాలు, మెల్లగా" అంది బీయున్. "మరీ చల్లబడితే లోపల చెమ్మ పడుతుంది."

గాలికి అర్థమైంది. అక్కడే ఆగి, లోపలి వేడిని కాస్త కాస్తగా మోసుకుని వెనక నుంచి బయటికొచ్చి, నాయనమ్మ మోకాళ్ల చుట్టూ తిరిగి, మళ్లీ ముందుకి పోతోంది. ఆవిడ పీట లాక్కుని పెట్టె వెనకే కూర్చుంది. "వైద్యుడు చెప్పిన కాపడం ఇదేరా త్సాయ్" అంది.

"నా నడుముక్కూడా కాస్త పంపు పెద్దమ్మా."

"దుప్పట్లు ఉతికి రా, పంపుతా."

ఐదు కొట్టకముందే వంట ముగిసింది. బీయున్ తిరిగి చూసుకునే వ్యవధి కూడా లేక అలాగే పంపేసింది.

మర్నాడు పొద్దున తైపేయి నుంచి ఫోను. లియాంగ్ గారని, కంపెనీలో బొమ్మలవాళ్లందరికీ పెద్ద.

"పడవ బాగుందమ్మా. ఇలాంటి పడవ గీసేవాళ్లు నాకు ఇక్కడా ఉన్నారు. కానీ ఆ గాలి... పడవలో ముసలాయన చొక్కా అంచు, వల కొసలు, ఆ గట్టు మీద గడ్డి. గడ్డిలో ఒక్క పరక ఆలస్యంగా లేస్తుంది చూడండి, అది చూసి నాకు నిద్ర పట్టలేదు. ఎవరు చేశారది?"

బీయున్ గీసిన గడ్డి కదలదు. వల కొసలకి కదలిక పెట్టే తీరికే దొరకలేదు. ఆమె మెట్ల వైపు చూసింది.

"అది మా ఇంట్లో ఉంటుందండీ. తాతయ్యగారి కాలం నుంచీ."

"ఆవిడ్ని కూడా తీసుకుని తైపేయి వచ్చెయ్యండి. ఇద్దరికీ చోటుంది."

"రాదండీ. నాయనమ్మని వదిలి ఉండలేదు. అది రాకపోతే నేనూ రాలేను."

"ఆవిడకి ఒక్కసారి ఫోనిస్తారా?" అంది లియాంగ్.

బీయున్ వంగి, మెట్ల కింద ఫోను పట్టుకుంది. గాలి అప్పుడే తిరిగొచ్చి పడుకుంది. దాని ఊపిరి లోపలికీ బయటికీ మెల్లగా, ఒడ్డుకు చేరిన నీళ్లలా ఆడుతోంది.

"మా ఆఫీసులో కిటికీలు తెరుచుకోవు" అంది లియాంగ్ చివరికి, ఆ ఊపిరి వింటూ, చాలా నెమ్మదిగా. "సరేనమ్మా. మీరిద్దరూ అక్కడే ఉండి పని చెయ్యండి. ఫోను మాత్రం ఇంకొంచెంసేపు అలాగే పట్టుకోండి."