డెబ్బై ఐదో మెట్టు

మెట్లమ్మ ఏడో అంతస్తు తుడిచేసి, మలుపు దగ్గర బకెట్టు దించి, తడిగుడ్డని రెండు చేతులా మెలిపెట్టి పిండింది. నల్లటి నీళ్ళు ధారగా కారాయి. గుడ్డని ఒక్క విదిలింపు విదిలించి విప్పి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, ఒక్కో మెట్టూ తుడుచుకుంటూ దిగసాగింది. కిందినుంచి పైకి తుడిస్తే తుడిచిన మెట్లనే మళ్ళీ తొక్కుకుంటూ దిగాలి. ఈ సంగతి ముప్ఫై నాలుగేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మొదటిరోజే, ఎవరూ చెప్పకుండా ఆవిడకి తెలిసిపోయింది. అందులో ఒక్కటే చిక్కు. తుడవడం మొదలుపెట్టాలంటే ముందు నిండు బకెట్టుతో నూట ఇరవై ఆరు మెట్లూ ఎక్కాలి.

అది అగ్నిమాపక శిక్షణ కేంద్రం. ఆవరణ మధ్యలో ఏడంతస్తుల టవరు. దాని కిటికీలకి తలుపులు లేవు, గోడలకి రంగు లేదు, అందులో కాపురముండేవాళ్ళూ లేరు. కొత్తగా చేరినవాళ్ళు పదిహేను కిలోల గొట్టం చుట్ట భుజాన వేసుకుని పైదాకా ఎక్కి, అక్కడ వేలాడే గంట కొట్టడానికే దాన్ని కట్టారు. వాళ్ళు రోజంతా మసీ బురదా మోసుకొచ్చి మెట్లనిండా పోస్తారు. ఆవిడ రోజుకి నాలుగుసార్లు ఎక్కి తుడిచి దిగుతుంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆ పేరుతో పిలిస్తే రెండోసారి పిలిచేదాకా ఆవిడే పలకదు. ఎప్పటి బ్యాచి పిల్లలు పెట్టారో గానీ మెట్లమ్మ అన్న పేరు అతుక్కుపోయింది.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఆ సంగతి ఆఫీసు గుమాస్తాకీ ఇంట్లో మొగుడికీ తప్ప ఎవరికీ తెలీదు. గుమాస్తా నోరు ఆవిడే మూయించింది. తెలిస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి గంటసేపు పొగుడుతారు. కదలకుండా కూర్చోవడం ఆవిడ వల్ల కాని పని. పొద్దున చెప్పులు తొడుక్కుంటుంటే మొగుడు అడిగాడు, రేపట్నుంచి ఏం ఎక్కుతావే, నా నెత్తా అని. అదెప్పుడో ఎక్కానుగా అని చక్కా వచ్చేసింది గానీ, ఆ మాట దారంతా వెంటే వచ్చింది. వాళ్ళ ఇంటికి గడపే తప్ప మెట్టన్నది లేదు.

అయినా ఇవాళ ఆవిడ దిగులు తన గురించి కాదు, పొడుగమ్మాయి గురించి.

మూడు నెలల కిందట దగ్గూ జ్వరంతో ఓ వైరస్సు ఊరి మీద పడింది. శిక్షణలో ఉన్న నలభై మందిలో ఇరవై ఎనిమిది మంది మంచం పట్టారు. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు, రాళ్ళు తిని అరాయించుకునే వయసు. జ్వరం వారంలో తగ్గింది. తిరిగొచ్చాక మాత్రం టవరు వాళ్ళకి లొంగలేదు. చూడటానికి అదే కండ, అదే ఒడ్డూ పొడుగూ. రెండంతస్తులు ఎక్కగానే పెదాలు తెల్లబడి, రెయిలింగు పట్టుకుని ఉండిపోయేవారు. ఒక్కొక్కళ్ళే నెమ్మదిగా కోలుకుని పరీక్ష గట్టెక్కారు. మిగిలింది పొడుగమ్మాయి. జ్వరానికి ముందు బ్యాచిలో అందరికన్నా వేగంగా గంట కొట్టిన పిల్ల. రెండు నిమిషాల్లో ఎక్కాల్సిన పరీక్షలో మొదటిసారి మూడో అంతస్తు దగ్గరే కూలబడింది. రెండోసారి పైదాకా వెళ్ళింది గానీ ఇరవై సెకన్లు ఎక్కువ పట్టింది. ఇవాళ మూడోసారి. ఇదీ తప్పితే ఇంటికి పంపేస్తారు.

ఆ జ్వరం మెట్లమ్మకీ వచ్చిందని ఎవరికీ గుర్తులేదు. పన్నెండో రోజున పనిలోకి వచ్చి, సగం బకెట్టుతో మొదటి అంతస్తు ఎక్కి, అక్కడే చతికిలబడింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. నా పని అయిపోయిందనుకుంది. మర్నాడు ఇంకో మూడు మెట్లు ఎక్కింది. ఆ మర్నాడు మరో మూడు. కాలు నాలుగోదానికి లేచినా ఎక్కనిచ్చేది కాదు. అలా ముప్ఫై ఆరు రోజులు. అన్నాళ్ళూ పై అంతస్తుల్లో దుమ్ము పేరుకుంది, పావురాలు రాజ్యమేలాయి. పిల్లల్లోనూ చాలామంది అంత పైకి రాలేకపోతున్నారు కాబట్టి ఎవరూ ఆవిడని అడగలేదు. చివరిరోజు పైకి చేరి, గంట మోగకుండా ఒక్క వేలితో తాకింది. పోయిన ఊపిరి ఎక్కడికి పోయిందో, వచ్చినది ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకి అంతుపట్టలేదు. అక్కడే నిలబడి కాసేపు తన గుండె మీద తనే చెయ్యి పెట్టుకుని చూసుకుంది.

పదిహేను రోజుల కిందట పొడుగమ్మాయి కింది మెట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తుంటే, ఆవిడ ఓదార్చలేదు. రెండో బకెట్టు తెచ్చి, సగం దాకా నీళ్ళు పోసి, పట్టుకుని నా వెనక రా అంది. షరతు ఒక్కటే, నీళ్ళు తొణక్కూడదు. పరుగు అలవాటైన పిల్ల పది మెట్లకే కాళ్ళు తడుపుకుంది. తొణక్కుండా ఎక్కాలంటే అడుగు మెత్తగా పడాలి, అడుగు మెత్తగా పడాలంటే ఊపిరి నిదానంగా ఆడాలి. రెండు మెట్లకి గాలి లోపలికి, మూడు మెట్లకి బయటికి. నిన్నటికన్నా కొంచెం పైకి, అంతకు మించి వద్దు. రోజురోజుకీ బకెట్టులో నీళ్ళు పెరిగాయి. నిండు బకెట్టు కూడా ఇంచుమించు పదిహేను కిలోలే ఉంటుందని ఆ పిల్లకి వారం తర్వాతగానీ తట్టలేదు.

ఇవాళ తెల్లారగానే ఆ అమ్మాయి బకెట్టు ముట్టుకోకుండా మెట్టు మీద కూర్చుంది. నిన్న గొట్టంతో ఎక్కి చూస్తే ఐదో అంతస్తు మొదట్లోనే తూలిందట. ఈమధ్య ఎక్కినప్పుడల్లా అక్కడే ఊపిరి తెగిపోతోందట. ఇంక నా వల్ల కాదు పెద్దమ్మా అంది.

మెట్లమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కించి, ఐదో అంతస్తు మూడో మెట్టు ముందు గొంతుక్కూర్చోబెట్టింది. మెట్టు నిలువున జాన పెట్టి చూపించింది. ఆ పైదానికీ, కిందిదానికీ కూడా పెట్టింది. అన్నీ జానలో ఇమిడిపోయాయి. దీనికి మాత్రం వేళ్ళు పైఅంచుకి అందక బొటనవేలి మందం మిగిలిపోయింది.

"కట్టినప్పట్నుంచీ ఇది ఇంతే. నిదానంగా ఎక్కితే తెలీదు. తొందరలో ఎక్కేవాళ్ళ కాలు దీనికి తగులుతుంది, దాంతో ఊపిరి చెదురుతుంది" అంది. "జ్వరం నీ దగ్గర తీసుకున్నది చాలావరకు తిరిగిచ్చేసింది తల్లీ. ఇక్కడ తప్పు నీ ఊపిరిది కాదు, మేస్త్రీది."

ఆ పిల్ల మెట్టుని వేళ్ళతో తడిమి చూసింది. ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగింది. ఎవరూ అడగలేదనీ, అయినా కాళ్ళున్న ప్రతివాళ్ళకీ తెలిసే ఉంటుందనుకున్నాననీ చెప్పి మెట్లమ్మ బకెట్టు అందుకుంది.

తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. కుర్రవాడే. టవరు కింద బల్ల వేసుకుని, కాగితాలు పరుచుకుని, డ్రిల్లు మాస్టారుకి వివరించసాగాడు. జ్వరం వచ్చి తగ్గాక పైదాకా ఎక్కగలిగినవాళ్ళు ఏ అంతస్తుకి ఎంతసేపు తీసుకున్నారో గీతలు గీశాడు. ఒక్కరిదని కాదు, అన్ని గీతలూ ఐదో అంతస్తు మొదట్లోనే పడిపోయాయి. వాళ్ళ ఊపిరితిత్తులు సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తున్నాయని చాలా గంభీరంగా చెప్పాడు. మాస్టారు ఇంకా గంభీరంగా తలూపాడు.

అప్పుడే మెట్లమ్మ రెండో విడత తుడిచి, ఖాళీ బకెట్టు పట్టుకుని దిగింది. వేలికి తగిలించి నాడి చూసే యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి డాక్టరుకి ఎవరో ఒకరు కావాలి. అమ్మా, ఒకసారి వేలివ్వండి అన్నాడు. నిమిషానికి అరవై నాలుగు. ఆయన యంత్రాన్ని అరచేతిలో తట్టి ఇంకో వేలికి పెట్టాడు. అరవై నాలుగే. ఎంతసేపట్నుంచి కూర్చున్నారని అడిగాడు. కూర్చోలేదు, ఇప్పుడే పైనుంచి దిగానంది. రోజుకి ఎన్నిసార్లు? నాలుగు. ఎన్నేళ్ళుగా? ముప్ఫై నాలుగు.

డాక్టరు ఊపిరితిత్తుల కాగితం తిరగేసి లెక్క కట్టాడు. మెట్టు ఎత్తు, మెట్లు, సార్లు, రోజులు, ఏళ్ళు. కట్టినదాన్ని నమ్మలేక మళ్ళీ కట్టాడు. తర్వాత కలం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఆయన లేచాడని మాస్టారు కూడా, ఎందుకో తెలియకుండానే, లేచాడు.

"ఎనిమిది వందల డెబ్బై కిలోమీటర్లు ఎక్కారమ్మా మీరు" అన్నాడు డాక్టరు. "రోడ్డు మీద కాదు. నిలువుగా, ఆకాశంలోకి."

మెట్లమ్మ తల పైకెత్తి చూసింది. టవరు అంచు దాటి, పావురాలు దాటి, మబ్బు దాటి చూసింది. అంత పైకా తను వెళ్ళింది, ఈ చెప్పులతోనా! మరుక్షణం ఇద్దరు పెద్దమనుషులు తన ముందు నిలబడి ఉన్నందుకు సిగ్గేసింది.

"మళ్ళీ దిగానుగా బాబూ" అని బకెట్టు తీసుకుని పక్కకి జరిగింది.

పొడుగమ్మాయి గొట్టం భుజానికెత్తుకుంది. మాస్టారు ఈల ఊదాడు. మెట్లమ్మ గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. ఈ మెట్ల మీద ఎవరి అడుగు ఎలా పడుతోందో వినడానికి ఆవిడకి కళ్ళతో పనిలేదు.

మొదటి అంతస్తు మరీ నెమ్మది. తోటి పిల్లలు పరిగెత్తు పరిగెత్తు అని గోల పెట్టారు. మాస్టారు గడియారం చూసి పెదవి విరిచాడు. మెట్లమ్మకి మాత్రం ఆ అడుగుల్లో నిండు బకెట్టు వినిపించింది. రెండుకి లోపలికి, మూడుకి బయటికి. రెండో అంతస్తు, మూడోది, నాలుగోది, అన్నిటా ఒకే నడక. డెబ్బై మూడు. డెబ్బై నాలుగు. మెట్లమ్మ తన ఊపిరి బిగబట్టింది. డెబ్బై ఐదో మెట్టు మీద అడుగు కాస్త ఎత్తుగా లేచి, మెత్తగా పడింది. ఆ తర్వాత వేగం పెరిగింది. ఆరో అంతస్తులో అడుగులు దడదడా మోగాయి. కిందివాళ్ళ గోల ఆగిపోయింది. మూడు నెలల కిందట ఆస్పత్రి మంచం మీంచి స్నానాలగది దాకా గోడ పట్టుకుని నడిచిన పిల్ల ఇది. ఈ మనిషి ఒళ్ళు ఎంత గొప్పదిరా దేవుడా అనుకుంది మెట్లమ్మ. పోగొట్టుకున్నదాన్ని మెట్టుకి మెట్టూ లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకుంటుంది.

గంట మోగింది. ఒక నిమిషం యాభై మూడు సెకన్లు.

ఆ తర్వాత జరిగింది జనం చాలాకాలం చెప్పుకున్నారు. దిగివచ్చిన పొడుగమ్మాయి ఊపిరి కుదురుకోగానే డాక్టరుకి మెట్టు సంగతి చెప్పింది. మాస్టారు టేపు పట్టుకుని వెళ్ళి కొలిచాడు. మిగతావి పదిహేడు సెంటీమీటర్లు, అది పంతొమ్మిది. డాక్టరు తన గీతల వంక చాలాసేపు చూసి, నవ్వాపుకోలేక, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జ్వరం చేసింది కొంత, మేస్త్రీ చేసింది కొంత అని ఒప్పుకున్నాడు. బాగుచేయిద్దామా అని ఎవరో అంటే మాస్టారు వద్దన్నాడు. తగలబడే ఇంట్లో మెట్లన్నీ కొలిచి కట్టి ఉంటాయా అన్నాడు.

ఈ హడావిడిలో మెట్లమ్మని ఎవరూ చూడలేదు. సాయంత్రం ఆవిడ నాలుగో విడత ఎక్కింది. పైన గంట దగ్గర కాసేపు ఆగింది. ఊరంతా కనిపించింది. తమ వీధి ఎటో వెతికింది గానీ మెట్టు లేని ఇల్లు ఇంత ఎత్తునుంచి ఎక్కడ ఆనుతుంది! ఒక్కసారి దుఃఖం వచ్చింది. వచ్చినదాన్ని రానిచ్చి, ముఖం తుడుచుకుని, మెట్లు తుడుచుకుంటూ దిగింది. ఐదో అంతస్తులో మిగతా మెట్లకన్నా కొంచెం ఎక్కువసేపు పట్టింది. బకెట్లు రెండూ కడిగి బోర్లించి, గుమాస్తా చూపించిన చోట సంతకం పెట్టి, గేటు కాపలాదారుకి రోజూలాగే వస్తాను అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారి పొడుగమ్మాయి టవరు కింద ఎదురుచూసింది. ఇంకేం మెట్లమ్మ, నిన్నటితో సరి అన్నాడు, గుమాస్తా నోట విన్న కాపలాదారు. ఆ అమ్మాయి బకెట్టు తిప్పి, అంచుదాకా నీళ్ళు పట్టి, చుక్క తొణక్కుండా ఎక్కింది. ఐదో అంతస్తు మూడో మెట్టు దగ్గర ఆగింది. ఎక్కేవాళ్ళ చేతికి తగిలేలా రెయిలింగుకి ఆవిడ తడిగుడ్డలో చింపిన సగం కట్టి ఉంది. ఈసారి ఎందుకో ఆవిడ దాన్ని విదిలించలేదు. పిండినది పిండినట్టే ఎండి, రెండు చేతుల మెలికా అందులో అలాగే ఉండిపోయింది.