తరుగు బిళ్ల

నేను ఒక బిళ్లను. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదాన్ని. తెల్లటి ప్లాస్టిక్ ఒంటి మీద నల్లగా 500 అని రాసి ఉంటుంది. అది చూసి ఐదువందలు దొరికాయనుకుని సంబరపడకండి. నన్ను ఎక్కడ ఇచ్చినా చాయ్ కూడా రాదు. నేను డబ్బును కాదు, మీరు ఇవ్వాల్సిన డబ్బుకు గుర్తును.

ఏదో ఊళ్లో, ఏదో రేకుల షెడ్డులో అచ్చులోంచి ఊడిపడ్డాను. పక్క మిషన్లో చొక్కా గుండీలు పోస్తున్నారు. ఆ గుండీలు పదిమంది ఒంటికి పనికొచ్చాయి, నేను గోవా పోయాను. అక్కడ నది మీద నిలబెట్టిన పడవలో జూదశాల ఉంది. నన్ను పెట్టిన బల్ల మీద ఆట పేరు బాకరా. మనవాళ్లు నోరు తిరగక బకరా అంటారు. నేనెప్పుడూ దిద్దలేదు.

ఆటలో కష్టమేమీ లేదు. రెండు వైపులకు పేకముక్కలు రెండేసి పంచుతారు, కావలసివస్తే మూడోది కూడా. ఒక వైపు పేరు ప్లేయరు, రెండో వైపు పేరు బ్యాంకరు. తొమ్మిదికి దగ్గరగా వచ్చిన వైపు గెలుస్తుంది. మీరు ఏ వైపైనా కాయొచ్చు. ప్లేయరు మీద కాసి గెలిస్తే కాసినంతా వస్తుంది. బ్యాంకరు మీద కాసి గెలిస్తే, వచ్చిన దాంట్లో నూటికి ఐదు కమీషన్ ఇవ్వాలి. మా బల్ల మీద ఆ ఐదూ అప్పటికప్పుడు కోయరు. గెలుపు నిండుగా చేతిలో పెట్టి, కమీషన్‌కు గుర్తుగా మాలాంటి బిళ్లల్ని ఆ మనిషి కుర్చీ నంబరున్న గడిలో పెడతారు. పెట్టెలో ముక్కలు అయిపోయాక వసూలు. నాలుగేళ్లు ఆ గళ్లలో కూర్చున్నాను. గెలిచిన చిప్పులను, అంటే అక్కడ డబ్బుకు బదులు చెల్లే బిళ్లలను, ముద్దుపెట్టుకునేవాళ్లను చూశానే గాని, నా వైపు ఒక్క చూపు చూసిన మహానుభావుడు లేడు. ఒళ్లు మండిపోయేది నాకు.

ఒక మధ్యాహ్నం పున్నారావు వచ్చి మూడో నంబరు కుర్చీలో కూర్చున్నాడు. గుంటూరు జిల్లా మనిషి. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, అంటే రైతు తెచ్చిన కాయలు అమ్మించి నూటికి ఇంత అని తీసుకునేవాడు. వెనకాలే భార్య కస్తూరి నిలబడింది. ఆమె ఇంటి వెనక షెడ్డులో కారం కొట్టించి పొట్లాలు అమ్ముతుంది. పాత మిషను రోజుకో తీరున మొరాయిస్తోందని, కొత్తది కొనడానికి మూడు సీజన్ల పాటు మూడు లక్షలు కూడబెట్టుకుంది. ఆ మూడు లక్షలూ ఇప్పుడు చిప్పులై పున్నారావు ముందు దొంతర్లుగా ఉన్నాయి.

"ఒకటి కాదే, రెండు మిషన్లు కొనిపెడతా చూడు," అన్నాడాయన.

"అందుకేగా వచ్చింది. నా డబ్బు ఎక్కడుంటే నేనక్కడ," అంది కస్తూరి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ముక్కలు పంచే పిల్ల చొక్కా మీద టీనా అని ఉంటుంది గాని, అసలు పేరు తవిటమ్మ. టెక్కలి వైపు నుంచి వచ్చింది. తెలుగు చెవిన పడేసరికి మొహం చాటంత చేసుకుంది. పున్నారావు ఆమె చెప్పేది వినకుండానే బ్యాంకరు గడిలో పదివేలు పెట్టాడు.

"బ్యాంకరంటే ఈ పడవోళ్లే గదే! వాళ్ల పక్కన మనల్ని కూర్చోనిచ్చి, అందుకు కమీషన్ తీసుకుంటన్నారు. కమీషన్ తీసుకున్నాడంటే వాడు మన మనిషి. నేను మా రైతులకు మనిషిని కానా ఏంది?"

ఇక్కడే బోల్తా పడ్డాడు పాపం. బ్యాంకరు అనేది ఒక వైపుకు పెట్టిన పేరు. పడవవాళ్లకు దాంతో చుట్టరికం లేదు. కానీ యార్డులో ముప్పయ్యేళ్లు కమీషన్ అనే మాటను తింటూ బతికిన మనిషికి, ఆ మాట వినగానే సొంతింటికి వచ్చినట్టనిపించింది.

పెట్టె అయిపోయేదాకా ప్రతి పందెం పదివేలే, ప్రతి పందెం బ్యాంకరు మీదే. సమానంగా తేలిన ఆరు పందేలకు ఇచ్చిపుచ్చుకోవడం లేదు. మిగిలిన వాటిలో ముప్పై మూడు గెలిచాడు, ముప్పై రెండు ఓడాడు. గెలిచినప్పుడల్లా కమీషన్ పెరిగి, మూడో నంబరు గడిలో మా చిన్నవాళ్లు పోయి పెద్దవాళ్లు వస్తూ ఉన్నారు.

"పదివేలు లాభం!" అని పున్నారావు తొడ చరిచాడు.

తవిటమ్మ గడి వైపు చెయ్యి చూపించింది. ఐదువేల బిళ్లలు మూడు, వెయ్యిది ఒకటి, చివర నేను. "పదహారు వేల ఐదువందలు కమీషన్, సార్."

"గెలిచింది పదివేలైతే కమీషన్ పదహారున్నర వేలా? ఏందమ్మా ఈ దౌర్జన్యం!"

"ఓడినవి లెక్కలోకి రావు సార్. గెల్చిన ముప్పై మూడిటికీ తలా ఐదువందలు. మొదటినుంచీ మీ ఎదరే ఎట్టేను కదా."

పున్నారావు మొహాన నెత్తురు చుక్క లేదు. చిప్పులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. కస్తూరి మాత్రం వంగి నన్ను చూసింది. నిజంగా చూసింది! నాలుగేళ్లలో మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మాయ్, గెలిచినోడి దగ్గరే ఎందుకు తీసుకుంటారు? అదీ ఈ వైపునే?" అని అడిగింది.

ముక్కలు కలుపుతున్నారు గనక తవిటమ్మకు తీరిక దొరికింది. "బ్యాంకరుకి మూడో ముక్క తియ్యాలా వద్దా అన్నది, ప్లేయరు ఏటి తీసిందో చూసేకే తేల్తాదమ్మా. అందికే ఆ వైపు కూసింత ఎక్కువ గెల్స్తాది. గెలుపోటములు తేలిన పందేలు వెయ్యైతే, బ్యాంకరు అయిదొందల ఏడు, ప్లేయరు నాలుగొందల తొంభై మూడు. కమీషన్ లేకపోతే పడవే మునిగిపోద్ది."

కస్తూరి పెదవులు కదిలాయి. పొట్లాల లెక్క నోటితో వేసే మనిషి. "అంటే వెయ్యి పందేలకు పద్నాలుగు మనకిచ్చి, అయిదొందల ఏడు గెలుపుల మీద పాతిక లాక్కుంటారు. పదకొండు వాళ్లకే మిగులు."

"అయితే ప్లేయరు మీద కాద్దాం, కమీషనే ఉండదు," అన్నాడు పున్నారావు.

"అటు కాస్తే పద్నాలుగు పోతాయి గదయ్యా. విన్లా?"

అప్పుడే సూటు వేసుకున్న మేనేజరు నవ్వుతూ వచ్చి, పక్క బల్ల మీద కమీషనే లేదని పున్నారావు భుజం తట్టాడు. పున్నారావు చిప్పులు ఎత్తుకుని లేచాడు. కస్తూరి ఆయన చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గాజులు చప్పుడయ్యాయి.

"ఏమయ్యా, పోయిన సంవత్సరం నువ్వు కొట్లో బోర్డు పెట్టావు. 'కమీషన్ సగమే' అని. రైతులు ఎగబడ్డారు. ఆ సీజన్లో టిక్కీకి తరుగు ఎంత తీశావు?"

టిక్కీ అంటే మిర్చి బస్తా. తరుగంటే గోతం బరువనీ, తేమనీ తూకంలో కొట్టేసేది. పున్నారావు పక్క బల్ల వైపు చూశాడు.

"కిలో తీశావు. అంతకు ముందు అరకిలో. చిట్టాలు రాసింది నేనే. ఇప్పుడు చెప్పు, ఆ బల్ల మీద వీళ్లు తరుగు ఎక్కడ పెట్టారో?"

ఆయన తవిటమ్మ వైపు చూశాడు. ఆ పిల్ల మేనేజరు వైపు ఓ కన్నేసి, పక్క బల్ల మీద అచ్చేసిన నిబంధన వైపు వేలు చూపించింది. "అక్కడ బ్యాంకరు ఆరుతో గెల్స్తే సగమే ఇస్తారు సార్. మిగతావన్నీ నిండుగానే."

పున్నారావు కూలబడ్డాడు. తాను రైతుల మీద వేసిన ఎత్తు తనకే ఎదురొస్తే పోల్చుకోకుండా ఎట్లా ఉంటాడు? చిప్పులన్నీ కస్తూరి వైపు నెట్టాడు.

కస్తూరి వాటిని చీర కొంగులో పోసుకుని, "ఈ బిళ్ల నాకిస్తారా?" అని నన్ను చూపించింది. నా అంచు అప్పటికే విరిగి ఉంది. మేనేజరు విసుగ్గా, ఎటూ పారేసేదేగా, పట్టుకుపొమ్మన్నాడు. అలా నేను ఆమె పర్సులో, ఒక్క మిరపగింజ తోడుగా, రైలెక్కాను.

ఊరు చేరాక కస్తూరి ఒకటే మాట చెప్పింది. "మిషనుకు ఆరువేల ఐదువందలు తక్కువైంది. అది నువ్వే పూడ్చాలి. నీ కమీషన్లోంచి. తరుగులోంచి పైసా తీసినా ఆ మిషన్లో కారం నేను కొట్టను." చెప్పి ఊరుకోలేదు. మర్నాడు యార్డుకు వెళ్లి, కాటా పక్కన, కాయలు తెచ్చినవాడి కంటికి ఆనేచోట నన్ను పెట్టి, ఎవరడిగినా సంగతి నువ్వే చెప్పాలంది.

వారం రోజులు ఎవరూ అడగలేదు. పున్నారావు నన్ను గోతాల చాటుకు జరపాలని రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. ఎనిమిదో రోజు ఒక ముసలి రైతు టిక్కీ దించి, చెమట తుడుచుకుంటూ నన్ను చూశాడు.

"ఈ బిళ్లేందయ్యా?"

పున్నారావు గొంతు సవరించుకున్నాడు. "తరుగు బిళ్ల, పెదనాయనా. ఇదివరకు టిక్కీకి కిలో తీసేవాణ్ణి. గోతం అంత బరువుండదు. ఇకనించి నీ ఎదటే గోతం తూచి, అంతే తీస్తా."

చుట్టూ ఉన్న నలుగురూ మాటలాపి ఇటు తిరిగారు. నెలాఖరుకు కస్తూరి షెడ్డులో కొత్త మిషను దిగింది, ఒకటే. కానీ నాకు గుర్తుండేది ఆ పొద్దే. ముసలాయన నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, విరిగిన అంచు మీది దుమ్ము బొటనవేలితో తుడిచి, తీసినచోటే పెట్టాడు.

"ఇక్కడే ఉండనీ," అన్నాడు. "తియ్యమాక."