ముప్పావు అంగుళం

క్లైవ్ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కబోతే లొరైన్ కుడి భుజం కలుక్కుమంది. పెట్టె పక్కన పెట్టి, జాకెట్టు కొంచెం కిందికి లాగి చూసుకుంది. అరచేయంత మేర కమిలి, బీట్‌రూట్ ముక్క అద్దినట్టుంది. బల్ల దగ్గర టీ తాగుతున్న క్లైవ్ తలెత్తి చూశాడు.

"చెప్పానా, అది ఆడవాళ్ల ఒంటికి పడే ఆట కాదని," అన్నాడు. అని, "ఆ నీలం చొక్కా కూడా చెయ్యి. శనివారం క్లబ్బు విందుకి కావాలి," అన్నాడు.

ఆమె ఎడమచేత్తో ఇస్త్రీ చేసింది.

పొలం కింది చెక్కలో ఆదివారాలు గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లల్ని తుపాకితో పగలగొట్టే ఆట మొదలై పంతొమ్మిదేళ్లయింది. క్లైవూ, అతని తమ్ముడు నీలూ కలిసి పెట్టిన క్లబ్బు అది. పెట్టింది వాళ్లే గాని, తెల్లవారకముందే లేచి రెండు బకెట్ల నీళ్లు మోసుకెళ్లి టీ కాచేదీ, బేకన్ వేయించి బన్నుల్లో పెట్టి కిటికీలోంచి అందించేదీ లొరైన్. బిళ్లలు ఎగరేసే మనిషి రాని రోజున వానలో గొడుగు పట్టుకుని యంత్రం మీట నొక్కేదీ ఆమే. "అమ్మా లొరైన్, రెండు బన్నులు, సాసు ఎక్కువ" అనడమే తప్ప ఆమెకి కళ్లున్నాయని ఎవరికీ గుర్తులేదు. కాని పంతొమ్మిదేళ్లు చూసిన కళ్లవి. తుపాకి భుజానికి ఆనించే తీరు చూసే, ఎవడు బిళ్ల వెనక కాలుస్తాడో, ఎవడు చేతులు మధ్యలో ఆపేస్తాడో చెప్పేయగలదు. క్లైవ్ ఎడమ నుంచి వచ్చే బిళ్లని ఎందుకు వదిలేస్తాడో కూడా ఆమెకి తెలుసు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొన్న వేసవిలో ఊరి బయటి నుంచి వచ్చిన ఒకావిడ, బన్ను తింటూ, "మీరెప్పుడూ కాల్చలేదా?" అని ఆశ్చర్యపోయి తన తుపాకి చేతికిచ్చింది. అయిదు బిళ్లల్లో మూడు పగిలాయి. ఆకాశంలో మూడో బిళ్ల నల్లటి పొడిగా విచ్చుకుంటున్నప్పుడు లొరైన్ గొంతులోంచి తనకే తెలియని నవ్వొకటి బయటికొచ్చింది. యాభై నాలుగేళ్ల మనిషి. ఆ నవ్వు ఇన్నాళ్లూ ఎక్కడుందో.

తుపాకి లైసెన్సుకి తనే రాసుకుంది. పోలీసు ఆఫీసరు ఇంటికొచ్చి ఆమెని ప్రశ్న అడిగితే క్లైవ్ జవాబు చెప్పాడు. "ఇప్పుడు ఈమెకి తుపాకి ఎందుకో నాకూ తెలీదండీ. కోరిక పుట్టింది, నాలుగు రోజుల్లో పోతుంది." ఆఫీసరు, "ఆవిణ్ణి చెప్పనివ్వండి," అన్నాడు. లొరైన్ చెప్పింది. లైసెన్సు వచ్చింది. అప్పుడు క్లైవ్ ఎంతో ఉదారంగా బీరువాలోంచి కొడుకు రోరీ చిన్నప్పటి తుపాకి తీసిచ్చాడు. "ఆడవాళ్లకి ఇదే సరి. తేలిగ్గా ఉంటుంది."

నాలుగు ఆదివారాలు. ఒక్క బిళ్ల పగిలితే ఒట్టు. కాల్చిన ప్రతిసారీ బొటనవేలి కణుపు ముక్కుకి తగిలేది, తుపాకి మడమ భుజాన్ని గుద్దేది. వెనక నిలబడి క్లైవ్, "తల ఎత్తుతున్నావ్. కళ్లు మూస్తున్నావ్. భయపడుతున్నావ్," అని వరస పెట్టేవాడు. నీల్ టీ కప్పుతో వచ్చి, "మా వదినకి బన్ను మీద గురి తప్పదు, బిళ్ల మీదే తప్పుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. పంతొమ్మిదేళ్లు ఆమె చేతి టీ తాగిన నోళ్లే. భయపడటం లేదని ఆమెకి తెలుసు. కాని నాలుగు వారాలు నలుగురు ఒకే మాట అంటే ఎంత గట్టి మనసైనా ఒకసారి తనవైపు అనుమానంగా చూసుకుంటుంది. ఆమెకి ఒళ్లు మండింది ఆ అనుమానం చూసే.

బుధవారం ఎవరికీ చెప్పకుండా లడ్‌లో అనే ఊరికి వెళ్లి తుపాకుల దుకాణం తలుపు తోసింది. అక్కడ అరవై ఏళ్ల హెస్టర్ ట్రాంటర్, తోలు ఏప్రను కట్టుకుని ఒక తుపాకి వెనక భుజానికి ఆనే కర్రకి నూనె రాస్తోంది. లొరైన్ సంచిలోంచి రోరీ తుపాకి తీసి బల్ల మీద పెట్టి, తప్పు తనదేనన్నట్టు, "నాకు గురి కుదరడం లేదండీ," అంది.

హెస్టర్ తుపాకిని మధ్యలో మడిచి తెరిచి, తూటాలు లేవని చూసుకుని, "భుజానికి పెట్టండి. నా ముక్కు వైపు గురి చూడండి," అంది. చూసి, "రెండు కళ్లూ తెరిచే ఉంచుతున్నారు. కుడికన్నే గట్టిది. మీ కంటికేం లోపం లేదు," అంది. "ఈ కర్ర ఎవరి కొలతకి కోసింది?"

"మా అబ్బాయికి. పన్నెండేళ్లప్పుడు."

"మరి మీకు పన్నెండేళ్లా?" హెస్టర్ తుపాకిని పక్కకి నెట్టేసింది. "ఇది పిల్లాడి కొలత. మీ ఆయనదైతే మీకు దాదాపు అంగుళం పొడుగుంటుంది. ఇంట్లో రెండే కొలతలున్నాయన్నమాట. పైగా ఇది మరీ తేలిక."

"తేలికైతే ఆడవాళ్లకి మంచిదని..."

"తేలికైనదే ఎక్కువ తంతుందమ్మా. బరువున్న తుపాకి ఆ దెబ్బని తనే మింగుతుంది. తేలికది మీ భుజానికి వదిలేస్తుంది. మీకు కావాల్సింది బరువైన తుపాకి, తేలికైన తూటా. ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. లొరైన్ కుర్చీలో కూర్చుండిపోయింది. గొర్రెల మేత బస్తా పాతిక కిలోలు. రోజుకి రెండు తనే మోస్తుంది. ఈనే రోజుల్లో గొర్రెని ఒడిసిపట్టి తిరగేస్తుంది. అత్తగారు మంచాన పడ్డ మూడేళ్లు ఆవిడని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది తనే. "మగపిల్లల్ని పిలవకు, వాళ్లకి నడుం పట్టేస్తుంది" అని ఆ పెద్దావిడ ఈమె మెడ పట్టుకుని వేలాడుతూ అనేది. అప్పుడు ఎవరికీ గుర్తురాలేదు ఆడవాళ్లకి తేలికైనది కావాలని. తనకి ఇష్టమైన వస్తువు ఒక్కటి చేతిలోకి తీసుకోబోతే మాత్రం అందరికీ ఆమె సుకుమారం మీద జాలి పుట్టుకొచ్చింది. ఆ జాలే నాలుగు వారాలుగా ఆమె భుజాన్ని కుళ్లబొడిచింది. అది చాలక, దెబ్బ తిన్నందుకు ఆమెనే తప్పుపట్టింది.

"చూపించండి," అంది లేచి. "బరువైనవి."

నాలుగు ఎత్తి చూసింది. ఒకటి ముందుకి వాలిపోయింది. ఒకదాని పిడి చేతికి అందలేదు. నాలుగోది ఎవరో వాడి అమ్మిన పెద్ద సైజు పన్నెండు బోరు తుపాకి, ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలు, మూడున్నర కిలోలు. దుకాణం వెనక పొలంలో తేలిక తూటాలతో కాల్చి చూసింది. అది భుజాన్ని తన్నలేదు, నెట్టింది. పది బిళ్లల్లో ఆరు పగిలాయి.

హెస్టర్ టేపు తీసి ఆమె మెడ పొడవు, చెంప ఎత్తు, మోచేయి నుంచి వేలి దాకా కొలిచింది. "కర్ర మడమ దగ్గర ముప్పావు అంగుళం కోయాలి. కింది మొన మీ ఛాతీకి గుచ్చుకోకుండా వారగా చెక్కుతాను. చెంప ఆనే చోట కొంచెం ఎత్తు పెంచుతాను. శుక్రవారం రండి."

లొరైన్ తన ఖాతా మీద చెక్కు రాసిచ్చింది. పెళ్లిబట్టలకి తప్ప తన ఒంటికి ఎవరైనా టేపు పెట్టి కొలిచారా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచించింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. క్లైవ్ చెంచా కింద పెట్టాడు. "పన్నెండు బోరా? నీకా?" ఆలోచించి, మెత్తగా అన్నాడు, "సరే, కొంటే కొన్నావు. కాని కర్ర మాత్రం కోయించకు. కోస్తే పనికిరాకుండా పోతుంది. ఏడాదిలో నీకు విసుగొస్తే నేనో రోరీనో వాడుకోవచ్చు."

రోరీ పన్నెండేళ్లవాడిగా ఉన్నప్పుడు, కొత్త తుపాకి కర్రని ఇదే మనిషి స్వయంగా తీసుకెళ్లి కోయించాడు. ఆ పిల్లాడు ఒక్క సీజను కాల్చి ఫుట్‌బాల్‌కి వెళ్లిపోయాడు. అప్పుడు పాడైందన్న మాట ఈ బల్ల దగ్గర వినబడలేదు. లొరైన్ గిన్నెలు తీసి సింకులో వేసింది. కడగలేదు. మేడ ఎక్కి పడుకుంది.

శుక్రవారం వెళ్లేసరికి తుపాకి బల్ల మీదే ఉంది. కర్ర పొడుగు అంతే ఉంది. పక్కన రంపం.

"మీ ఆయన ఫోన్ చేశారు," అంది హెస్టర్. "ఓనర్ని పిలవమన్నారు. నేనే ఓనర్ని అన్నాను. కర్ర ముట్టుకోవద్దు, మా ఆవిడకి వీటి సంగతి తెలీదు, ఇంట్లో మాట్లాడుకున్నాం అన్నారు. లైసెన్సు మీ పేరునుంది, తుపాకి మీ డబ్బుతో కొన్నది. అందుకని మీరొచ్చేదాకా ఆగాను."

లొరైన్ రంపం వైపు చూసింది. ఇంట్లో మాట్లాడుకున్నాం. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో మాట్లాడుకున్నవన్నీ అలాగే మాట్లాడుకున్నారు. అతను అన్నాడు, ఆమె గిన్నెలు తీసింది.

"ఒక మాట చెప్పాలి," అంది హెస్టర్. "కోశాక మళ్లీ అతికించినా ఆ అతుకు కనబడుతూనే ఉంటుంది. మీ ఆయనకీ మీ అబ్బాయికీ ఇది ఇంక సరిపోదు."

లొరైన్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది, కోత పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి చూడబోయే మనిషిలా.

"సరిపోకూడదనే," అంది. "కోయండి."