పౌడరు గీత

అతను ట్యాంకు లోపల మోకాళ్లు ముడుచుకుని పడుకుని, మూలల్లోని అతుకుల మీద బొటనవేలు నడిపిస్తున్నాడు. అడుగునా మూడు వైపులా ప్లైవుడ్, ముందు మాత్రం దళసరి అద్దం. లోపల పూసిన నీలం రంగు మూడు పూతలూ ఆరి నున్నగా తేలాయి. అద్దం అవతల బావమరిది నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. చేపలకు మనుషులు ఇలాగే కనబడతారు కాబోలు అనుకున్నాడు. లేవబుద్ధి కాలేదు.

బావమరిది పైనుంచి తొంగిచూశాడు. "ఏం బావా, లోపలే కాపురం పెడతావా? సామాను సర్దుకుని రమ్మని అక్కకి కబురు పెట్టనా?"

"పెట్టు. పైకప్పు ఒక్కటే తక్కువ."

అతనిది కుళాయిలు బాగుచేసే పని. జేబులో ఎప్పుడూ ఇత్తడి వాషర్లు గలగలలాడుతుంటాయని పేటలో అందరూ వాషర్ల మావయ్య అంటారు. పని కాగానే ఇంటివాళ్లు అతన్ని మరిచిపోతారు, మళ్లీ చుక్క పడితేనే తలుచుకుంటారు. మరిచిపోయారంటే పని కుదిరిందన్నమాటే కదా అని అతని లెక్క.

ఈ ట్యాంకు సంగతి వేరు. పెళ్లయిన కొత్తలో, బిడ్డ కడుపులోనే పోయిన రోజున, ఆసుపత్రి వరండాలోని చేపల తొట్టి ముందు భార్య చాలాసేపు కూర్చుంది. "ఇలాంటిది మనింట్లో ఉంటే బాగుండు" అంది. తరవాత పిల్లలు కలగలేదు. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. వడ్రంగి అయిన బావమరిది షెడ్డులో మిగిలిపోయిన ప్లైవుడ్ పలకలు కంటబడిన రోజున, అడుగున ఉన్న మాట పైకి తేలింది. ఇంట్లో మాత్రం బీరువా చేయిస్తున్నానని చెప్పాడు.

షెడ్డులో పనివాళ్లు కూడా చెయ్యి వేసి, ట్యాంకును పాత బొంతలు పరిచిన తోపుడు బండి మీదికి ఎక్కించారు. అతను అద్దం పక్కనే నడిచాడు. అద్దంలో వీధంతా మెల్లగా ఈదుకుంటూ పోయింది. ఆరేసిన చీరలు, సైకిళ్లు, మేడ మీద తల దువ్వుకుంటున్న మనిషి, ఒక తెల్ల మబ్బు. గతుకుల దగ్గర ప్లైవుడ్ కిర్రుమంటే అతని గుండె కూడా కిర్రుమంది. రెండుచోట్ల బండి ఆపించి, అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"అద్దానికి ఆయాసమా, నీకా?" అన్నాడు బావమరిది.

"అద్దానికే."

గుమ్మంలో భార్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఇదా బీరువా? తలుపులేవి?"

"నీళ్లకి తలుపులెందుకే?"

ఆమె లోపలికి వెళ్లి, తడిగుడ్డ తెచ్చి, ఇటుకల దిమ్మె మీద కుదిరిన ట్యాంకు అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచింది. తుడుస్తూనే, "ఆ ఆసుపత్రిలో ఎర్ర చేపలుండేవి" అంది.

అతను వంగి కింది అతుకు తడిమి చూశాడు. "తెద్దాం. దార్లో అతుకులు కదిలాయేమో, ముందది తేలాలి. నీ పౌడరు డబ్బా ఇలా ఇవ్వు."

"నా మొహానికి రాసుకోవడానికే పీనాసితనం చేస్తాను. దీనికెందుకు?"

"చుక్క పడితే పౌడరు మీద మచ్చ తేలుతుంది. సాయంత్రానికి మచ్చ లేకపోతే రేపు నీ ఎర్ర చేపలు."

ట్యాంకు చుట్టూ, కింది అతుకు వెంబడి దిమ్మె మీద పౌడరు గీత గీశాడు. గదంతా మల్లెపూల వాసన. బావమరిది తుమ్ముకుంటూ వెళ్లిపోయాడు. గొట్టంలోంచి నీళ్లు పడుతూ, పడుతూ అద్దంలో సగం దాటాయి, అంచు దగ్గరకొచ్చాయి. కుళాయి కట్టేసి అతను స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ నీళ్లలో విరిగి గోడ మీద, అతని చేతుల మీద పాకింది. ఇల్లే నీళ్లలో ఉన్నట్టుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా నీళ్లలోంచే వస్తోంది.

బతుకంతా నీళ్లను కారకుండా ఆపాడు. ఇప్పుడు ఇన్ని నీళ్లు అతని మాట విని ఊరికే నిలబడి ఉన్నాయి. పౌడరు గీత మీద ఒకచోట నీడను చూసి తడేమోనని అనుమానపడి, వంగి వేలితో ఒత్తి చూశాడు. పొడిగానే ఉంది. ప్లైవుడ్‌కు తల ఆనించాడు. పొద్దున లోపల పడుకున్నప్పుడు విన్న చప్పుడే, దూరంగా, మెత్తగా.

ఎండ గోడ దిగిపోయాక ఆమె టీ తెచ్చింది. "ఏమండీ, చల్లారిపోతుంది" అంది. మళ్లీ అంది. అతని చెయ్యి మోకాలి మీద వెల్లకిలా ఉంది. చూపుడు వేలి కొసన పౌడరు అంటుకుని ఉంది.

చావు కబురు విని వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. బావమరిది ట్యాంకు చుట్టూ మోకాళ్ల మీద పాకి చూసి, "ఒక్క మచ్చ లేదక్కా" అన్నాడు. తరవాత వాడే ఎర్ర చేపలు తెచ్చి వదిలాడు.

ఆమె రోజూ ఇల్లంతా ఊడుస్తుంది, అద్దం తుడుస్తుంది. ఆ దిమ్మె జోలికి మాత్రం పోదు. చేపలు తిరిగే అద్దం కింద, వాసన పోయిన పౌడరు గీత ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద ఒకేచోట, ఒక వేలి ముద్ర.