మనిషి చూసిన అర్జీ

మా ఆఫీసులో నా పనల్లా మనిషిగా ఉండటం. నవ్వకండి, నిజంగానే. సర్కారు సాయం కోసం వచ్చే అర్జీలన్నీ కంప్యూటరే చదువుతుంది, ఎవరు అర్హులో ఎవరు కాదో అదే తేలుస్తుంది. జనం ఊరుకుంటారా? "మిషను చెప్పినట్టల్లా మా బతుకులు నడవాలా?" అని గోల చేశారు. దాంతో అది వద్దన్న ప్రతి అర్జీనీ ఒక మనిషి చూడాలని రూలు పెట్టారు. అలా కూర్చోబెట్టిన మనుషుల్లో నేనొకదాన్ని.

చూడటమంటే మరీ ఊహించేసుకోకండి. తెర మీద ఒక నంబరు, పక్కన "అర్హత లేదు" అని వస్తుంది. పేరుండదు, కారణం అసలే ఉండదు. "సరే" నొక్కితే ఇంకోటి వస్తుంది. "కాదు" నొక్కితే మాత్రం, కంప్యూటర్ ఎక్కడ తప్పు చేసిందో రాయమని ఖాళీ గడి వస్తుంది. అదేం చూసి వద్దందో చెప్పకుండా తప్పు పట్టమంటే ఏం రాయను, నా బొంద! చేరిన కొత్తలో రెండుసార్లు "కాదు" నొక్కాను. సూపర్‌వైజరు పిలిచి, "ఏమ్మా, నీకు దానికంటే ఎక్కువ తెలుసా?" అన్నాడు. అప్పట్నుంచి నోరు మూసుకుని "సరే" నొక్కుతున్నాను, రోజుకి ఆరువందల అర్జీలు.

నిన్న సాయంత్రం మా చెల్లెలు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకి పుట్టుకతోనే వినపడదు. సైగలతో చదువు చెప్పే బడిలో సీటు కోసం అర్జీ పెట్టారు. ఈ ఏడాది దాటితే వయసు మించిపోతుంది, ఇక చేర్చుకోరు. ఇవ్వలేమని ఉత్తరం వచ్చిందట.

"ఊరుకోవే, ఏడవకు," అన్నాను.

"ఏడవట్లేదక్కా. చివర్లో చూడు. కంప్యూటరొక్కటే కాదట, మనిషి కూడా స్వయంగా పరిశీలించారట. మనిషైతే అడగొచ్చు కదా, కాళ్లావేళ్లా పడొచ్చు. నువ్వు అక్కడే చేస్తావుగా, ఎవరో కాస్త కనుక్కో."

ఉత్తరం అడుగున "పరిశీలకులు: 41" అని ఉంది. ఆఫీసులో నా నంబరు నలభై ఒకటి. ఎప్పుడు నొక్కానో కూడా గుర్తులేదు, టీ తాగుతూ నొక్కేశానేమో. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లేమో తల్లి కొంగు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. ఇక దాచలేకపోయాను.

"అది నేనేనే," అన్నాను.

దుమ్మెత్తిపోస్తుందనుకున్నాను. అది నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"నువ్వేనా! అమ్మయ్య, బతికించావక్కా! మరి చెప్పు, అర్జీలో ఏం తప్పుంది? దిద్దుకుని రేపే మళ్లీ పెడతాను."

సంచిలోంచి పెన్ను తీసి, ఉత్తరం వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టుకుని, నేను చెప్పేది రాసుకోవడానికి కూర్చుంది.